నరసింహం రాగిముక్క

అప్పలనరసింహం ఏ ఇనుమునైనా పట్టుకునే ముందు కుడిచేతిని వెనక్కి తిప్పుతాడు. అరచేయి తనవైపు, గోళ్లు ఇనుము వైపు. వేళ్ల వెనక చర్మంతో ఒక్కసారి తాకుతాడు. తాకీ తాకనట్టు. ఏమీ లేదని తేలాక చేయి తిప్పి పట్టుకుంటాడు.

కరెంటు బోర్డు మూతయినా అంతే. షాపు షట్టరయినా, ఇంట్లో ఫ్రిజ్ తలుపయినా అంతే. మేనల్లుడి పెళ్లిలో రంగుబల్బులు చుట్టిన ఇనుప కమాను కింద నుంచి జనమంతా భోజనాలకు వెళుతుంటే ఈయన ఆగి, కమానును వేళ్ల వెనకతో పలకరించాడు. వెనక వరస మొత్తం ఆగిపోయింది. "ఒరే, మావ కమానుకి కూడా నాడి సూత్తన్నాడ్రా" అన్నాడెవడో. ఆయన భార్య దేముడమ్మ ఇంకో మాట చెబుతుంది. "పెల్లి పీటల మీద నా సెయ్యి కూడా ముందర అలాగే ముట్టేడు. షాక్ లేదని తేలినాకే పట్టుకున్నాడు." ఇది నిజం కాదు. కాదని ఆయన ఎప్పుడూ అనలేదు.

కరెంటు తగిలితే చేయి ముడుచుకుంటుంది. అరచేత్తో తాకితే ఆ ముడుచుకోవడమే పట్టు అవుతుంది, మనిషి విడిపించుకోలేడు. వేళ్ల వెనకతో తాకితే చేయి తనంతట తానే వెనక్కి వస్తుంది. అనకాపల్లి గవరపాలెంలో మోటార్లు చుట్టే సూర్యనారాయణ నేర్పిన పాఠం ఇది. నేర్పి నలభై నాలుగేళ్లు.

అప్పలనరసింహం కొండకర్ల దగ్గరి పల్లెలో పుట్టాడు. తండ్రికి ఎకరంన్నర చెరకు. బావి మోటారు కాలిపోయినప్పుడల్లా దాన్ని బండిమీద అనకాపల్లి తెచ్చేవారు. పదిహేడో ఏట ఒకసారి మోటారుతో వచ్చినవాడు మోటారు వెళ్లినా తాను వెళ్లలేదు. సూర్యనారాయణ షాపులో ఉండిపోయాడు.

మొదటిరోజే గురువును అడిగాడు.

"ఇది వచ్చే తీగ. అది పోయే తీగ. సరే. పోయి ఎక్కడికెల్తాది?"

"ట్రాన్స్‌ఫార్మర్‌కి."

"అక్కడికెల్లి ఏటి సేత్తాది?"

"మల్లీ వత్తాది."

"మల్లీ వచ్చీదానికి ఎల్లడం ఎందుకు?"

సూర్యనారాయణ చేతిలో రాగితీగ పక్కన పెట్టి చాలాసేపు నవ్వాడు. "షాపుకి నీలాంటోడు ఒకడుండాల్రా. లేపోతే మద్దేనం నిద్దరొచ్చేత్తాది" అన్నాడు.

జవాబు మాత్రం చెప్పలేదు. అప్పలనరసింహం దాన్ని తీగల వెంటే వెతుక్కున్నాడు. రోడ్డు మీద నడిచేటప్పుడు జనం నేల చూస్తారు, ఆయన స్తంభాలు చూస్తాడు. ఏ తీగ ఎక్కడ వంగింది, ఏ ముడి నల్లబడింది. రెండుసార్లు మురికికాలవలో పడ్డాడు. రెండుసార్లూ లేచి మళ్లీ పైకే చూశాడు.

వైర్‌మన్ పర్మిట్ వచ్చింది. పెళ్లయింది. ఇద్దరు కూతుళ్లు, ఇద్దరూ పెళ్లిళ్లయి వెళ్లారు. రింగురోడ్డు పక్క సందులో పద్నాలుగు షెడ్లున్నాయి. ఇనుము చెక్కే లేతు పని, వెల్డింగు, గానుగలు బాగుచేసే పని. పద్నాలుగింటికీ బోర్డులు కట్టింది ఆయనే. ఆ పద్నాలుగు బోర్డుల్లోనూ ఒక వస్తువు ఉంది. బొటనవేలు పొడవు రాగిముక్క.

దాని సంగతి చెప్పాలి.

ఫేజు తీగలో కరెంటు వస్తుంది. న్యూట్రల్ తీగలో తిరిగి పోతుంది. ఎర్తు తీగ ఉత్తపుణ్యానికి ఊరికే ఉంటుంది, మెషీన్ల ఇనుప ఒంటిని పట్టుకొని, భూమిలో గొయ్యిలోకి దిగి. ఎప్పుడైనా ఫేజు తెగి మెషీనుకు తగిలితే దాన్ని దించేయడానికే అది. మామూలు రోజుల్లో దానికి పని లేదు. పని లేకపోవడమే దాని పని.

ఆ రోజుల్లో స్తంభం మీద న్యూట్రల్ ముడి తరచూ వదిలేసేది. న్యూట్రల్ పోతే షెడ్డుకు వచ్చే మూడు ఫేజు తీగలూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఒక గదిలో బల్బు గుడ్డిదీపమవుతుంది, పక్క గదిలో పేలిపోతుంది. అప్పలనరసింహానికి ఒక ఆలోచన వచ్చింది. న్యూట్రల్ పోయినా భూమి పోదు కదా. బోర్డు లోపల న్యూట్రల్ పట్టీని ఒక రాగిముక్కతో ఎర్తుకు కలిపేశాడు. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి.

హుద్‌హుద్ తుపాను వచ్చింది. స్తంభాలు పడ్డాయి. రోజుల తరవాత కరెంటు వచ్చినప్పుడు సందు మొదట్లో న్యూట్రల్ సరిగా అందలేదు. అటుపక్క ఇళ్లలో టీవీలు మాడాయి, ఫ్రిజ్‌లు మాడాయి. రాగిముక్క ఉన్న మూడు షెడ్లలో ట్యూబులైట్లు కాస్త మిణుకుమన్నాయి, అంతే. నెల తిరక్కుండా మిగతా పదకొండు షెడ్లవాళ్లూ వచ్చి అడిగారు. "మావా, నీ ముక్క మాకూ ఎట్టు." దానికి నరసింహం ముక్క అని పేరు పడిపోయింది. పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసొచ్చిన ఎలక్ట్రీషియన్లు కూడా ఆ సందులో దాని జోలికి పోరు.

ఇప్పుడాయనకు అరవై ఒకటి. నిచ్చెన ఎక్కడం తగ్గించాడు. ఎవరైనా పిలిస్తే వెళతాడు, చూస్తాడు, చెబుతాడు. ఆయన చెప్పిందే మాట.

మే నెల రెండోవారం, ఒక మంగళవారం ఉదయం పైడిబాబు ఫోన్ చేశాడు. సందులో ఏడో షెడ్డు అతనిది. చెరకు గానుగల రోలర్లు లేతు మీద చెక్కి సరిచేసే పని. బెల్లం సీజను అయ్యాక అరిగిన రోలర్లన్నీ అతని దగ్గరికే వస్తాయి.

"మావా, కన్నబాబుకి షాక్ కొట్టింది. నిన్న మద్దేనం. లేతు పట్టుకోని ఇరుసుకు పడిపోనాడు. మోచెయ్యి సీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి."

"ఇప్పుడెలాగున్నాడు?"

"టీ తాగుతన్నాడు. ఆడి సంగతి సరే. ఆ పిల్ల ఇందు లేదూ, పిబ్రవరిలో ఎనక షెడ్డులో డ్రిల్లింగ్ మెషీనుకి లైను లాగింది. దాని పనే ఇది. నువ్వొచ్చి ఓ మాట సెప్పీసేవంటే సందులోవోల్లందరికీ సెప్పేత్తాను. ఇంకే షెడ్డులోనూ అడుగెట్టకుండా సేత్తాను."

ఇందును ఆయన ఎరుగును. రాంబిల్లి మండలంలో సముద్రం ఒడ్డు పల్లె పిల్ల. డిప్లొమా చదివి పరవాడలో ఒక కంపెనీలో మూడేళ్లు చేసింది. కంపెనీ బస్సు మానేసి, ఏడాదిగా స్కూటీ మీద సొంతంగా తిరుగుతోంది. సందులో ఆమెకు దొరికిన మొదటి షెడ్డు పైడిబాబుదే. ఇక్కడ పేరు పోతే రింగురోడ్డు మీద ఎవరూ పిలవరు. మళ్లీ కంపెనీ బస్సే.

ఆయన వెళ్లేసరికి ఇందు అక్కడే ఉంది, గేటు పక్కన నిలబడి. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. చేతిలో మీటరు ఉంది. లేతు మీద పనిచేసే కన్నబాబు కట్టు కట్టిన చేయి ఒళ్లో పెట్టుకొని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏరా కన్నబాబూ, ఎలాగుంది?"

"కరెంటు ఒక్క తన్ను తన్ని ఒగ్గీసింది మావా. పైడిబాబు గారే పొద్దుటినుంచి ఒగ్గడం లేదు. సెప్పులు లేకుండా లేతు కాడికి ఎందుకెల్లేవని ఒకటే తిట్లు."

వెనక షెడ్డులో లేతు, డ్రిల్లింగ్ మెషీను, రుద్దే గ్రైండరు. గోడకు ఇనుప పెట్టె, అది వెనక బోర్డు. ముందు షెడ్డులోని మెయిన్ బోర్డు నుంచి నేలలో కేబులు దానికి వస్తుంది. ఇంకో మనిషి గ్రైండరు మీద పని చేస్తున్నాడు. అప్పలనరసింహం లేతు దగ్గరకు వెళ్లి చేయి వెనక్కి తిప్పాడు.

"బాబాయ్, ఆగండి" అంది ఇందు గేటు దగ్గర నుంచే.

లోపలికి వచ్చింది. ఒక ఇనుప చువ్వను పది అడుగుల అవతల, కుళాయి కింది తడినేలలో గుచ్చింది. మీటరు ఒక తీగ చువ్వకు, ఒక తీగ లేతుకు పెట్టింది. డెబ్బై రెండు వోల్టులు.

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

"గ్రైండర్ ఆపండన్నా" అంది. ఆపారు. ఇరవై. "వెయ్యండి." డెబ్బై రెండు.

అప్పలనరసింహం మీటరు వైపు చూడటం లేదు. పైనున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. గ్రైండరు వేస్తే ఫ్యాను నీరసిస్తోంది, ఆపితే లేస్తోంది.

"ఈ ఫేను ఇలాగెప్పట్నుంచి?"

"ఎండలు మొదలైనకాడ్నుంచీ. ఓల్టేజీ తక్కువనుకున్నాం" అన్నాడు కన్నబాబు.

"జిల్లుమనడం?"

"అదీ అప్పట్నుంచే. ఏప్రిల్ నెలాకర్లో కొద్దిగా. ఈ వారం బాగా. పిబ్రవరిలో లేదు మావా. మార్చిలో కూడా లేదు."

"సూడు మరి. ఆ పిల్ల లైను లాగింది పిబ్రవరిలో" అన్నాడు అప్పలనరసింహం పైడిబాబుతో.

"లాగినాక కొన్నాల్లకి బయటపడింది. రోగం అంతేకదా" అన్నాడు పైడిబాబు.

అప్పలనరసింహం బయటికి వచ్చాడు. ఆయనకు కోపంగానీ కంగారుగానీ లేవు. పదిహేడేళ్ల కుర్రాడి ముఖం ఉంది. రెండు నెలలు లేనిది ఇప్పుడెందుకు వచ్చింది? ఏదో మారింది. ఏం మారింది? షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక గోడ పక్కన ఎర్తు గొయ్యి. పైన సిమెంటు మూత, మధ్యలో నీళ్లు పోసే గొట్టం. చుట్టూ మట్టి బీటలు వారింది. బీటల అంచుల్లో తెల్లగా పొడి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

గోడ నీడలో ఎరుకమ్మ గోనెపట్టా మీద ఎండుచేపలు పెట్టుకు కూర్చుంది. ఇరవై ఏళ్లుగా ఆ జాగా ఆమెది.

"ఏటి బావూ, మట్టి తింతన్నావు? దేముడమ్మ కూడెట్టడం మానీసిందేటి?"

"ఎరుకమ్మా, ఇక్కడ ఉప్పెలాగొచ్చింది?"

"ఎలాగొత్తాది? నా ఐసుపెట్టి నీల్లు. పచ్చి సేప అమ్మినన్నాల్లూ పొద్దుట ఒకపాలి, మద్దేనం ఒకపాలి ఆ మూత మీద గుమ్మరిత్తాను. రోడ్డు మీద పోత్తే జారి పడతన్నారనీసి తగూ కొచ్చేరు. పైడిబాబే సెప్పేడు, ఆ గొట్టం మీద పొయ్యి, భూమికి మంచిదనీసి."

"ఇప్పుడు పోత్తలేవా?"

"ఎక్కడివి? ఏట బందు కదా. రెండు నెల్లు సముద్రమ్మీదికి పడవ ఎల్లదు. పచ్చి సేప లేదు, ఐసు లేదు, నీల్లు లేవు. ఈ ఎండుసేపలకి నీల్లు పోత్తే కొనీవోడు నా మీద పోత్తాడు."

"బందు ఎప్పట్నుంచి?"

ఆమె జవాబు చెప్పకముందే ఇందు చెప్పింది. "ఏప్రిల్ పదిహేను, బాబాయ్."

"మా పక్కూరి పిల్లకి తెలీదేటి" అంది ఎరుకమ్మ.

ఆయనా ఇందూ ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత జరిగింది చూసి పైడిబాబుకు మతిపోయింది. అరవై ఏళ్ల మనిషి మెయిన్ ఆపించి, బకెట్ల కోసం పరుగెత్తాడు. బడ్డీకొట్టు నుంచి రాళ్లుప్పు తెచ్చారు. ఎరుకమ్మ చీర కుచ్చిళ్లు దోపి, నీళ్లలో ఉప్పు కలిపి, నాలుక మీద చుక్క వేసుకొని "ఇంకా ఎయ్యి, మా సముద్రం ఇంత సప్పగా ఉండదు" అంది. నాలుగు బకెట్లు గొట్టంలోకి పోశారు. బీటలు గుటకలు వేశాయి. పావుగంట ఆగారు. మళ్లీ మెయిన్ వేసి, గ్రైండరు వేసి, ఇందు మీటరు పెట్టింది.

ముప్పై ఒకటి.

"తగ్గింది!" అన్నాడు కన్నబాబు. స్టూలు మీద నుంచి లేచిపోయాడు. "మావా, నీల్లు పోత్తే షాక్ తగ్గిందేటి?"

ఫ్యాను కూడా లేచింది. అందరూ పైకి చూశారు.

"నీల్లు పోత్తే తగ్గిందంటే, కరెంటు ఆ గొయ్యిలోంచి పోతందన్నమాట" అన్నాడు అప్పలనరసింహం. నెమ్మదిగా, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. "గొయ్యి తడిగుంటే సులువుగా పోతంది. ఎండితే పోలేక మెషీను మీద నిలబడిపోతంది."

"ఎంత పోతోందో చూద్దామా?" అంది ఇందు. పటకారులా నోరు తెరిచే మీటరు ఒకటి సంచిలోంచి తీసింది. తీగను తెంపక్కర్లేదు, చుట్టూ పట్టుకుంటే చాలు, లోపల ఎంత ప్రవహిస్తోందో చెబుతుంది. గొయ్యిలోకి దిగే తీగ చుట్టూ పట్టింది. దాదాపు ఐదు ఆంపులు. పని లేకుండా ఉండాల్సిన తీగలో ఐదు ఆంపులు.

తరువాత వెనక బోర్డు మూత తీసి, మెయిన్ నుంచి వచ్చే న్యూట్రల్ చుట్టూ పట్టింది. తిరిగి పోయే దారి అదే.

సున్నా.

గ్రైండరు ఆపమని ఆయన చేయి ఊపాడు. మెయిన్ కూడా ఆపించాడు.

కేబులు వెంట తవ్వారు. ఎర్తు గొయ్యికి రెండు గజాల దూరంలో కేబులుకు ఒక అతుకు ఉంది. ఎరుకమ్మ పోసిన నీళ్లలో కొన్ని గొట్టంలోకి వెళితే కొన్ని అటు పారాయి. అతుకు మీది టేపు ఊడి, అల్యూమినియం న్యూట్రల్ తీగ తెల్లటి పిండి అయిపోయింది. చేత్తో తాకితే రాలింది. ఎప్పుడో తెగింది. కిందటి వానల్లోనో, ఇంకా ముందో.

"అంటే నా నీల్లే తెంపేయి, నా నీల్లే ఇన్నాల్లూ కాసేయి" అంది ఎరుకమ్మ. "నన్ను తిడతారా, పొగుడుతారా, ఏదో ఒకటి తొరగా సెప్పండి. బేరం పోతంది."

అప్పలనరసింహం నవ్వలేదు. బోర్డు ముందు నిలబడి ఉన్నాడు. న్యూట్రల్ పట్టీకీ పెట్టె ఇనుముకూ నడుమ రాగిముక్క. రెండు చివర్లా ఆయన పూసే ఎర్ర వార్నిషు, ఇంకా చెక్కుచెదరకుండా.

అది లేకపోతే ఏమయ్యేది? ఆయన మనసులో తీగ వెంట నడిచాడు. అతుకు దగ్గర న్యూట్రల్ తెగేది. ఈ షెడ్డులో ఫ్యాను, లైట్లు, గ్రైండరు, అన్నీ ఒకే ఫేజు మీద ఉన్నాయి. తిరిగి పోయే దారి లేక అన్నీ ఆగిపోయేవి. దీపం ఆరిపోయేది. అంతే. దీపం ఆరితే మనిషి ఎందుకని వెతుకుతాడు, ఆ రోజే అతుకు దొరికేది. రాగిముక్క దీపాన్ని ఆరనివ్వలేదు. న్యూట్రల్ కరెంటునంతా పెట్టె ఒంటి మీదికి, లేతు ఒంటి మీదికి తెచ్చి, గొయ్యిలోకి దింపింది. నెలల తరబడి తెగిన సంగతి దాచిపెట్టింది. గొయ్యి ఎండిన రోజున కన్నబాబు చెప్పుల్లేకుండా వచ్చాడు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో ఒక ఫోను. ఆయన భోజనం చేస్తున్నాడు.

"బాబాయ్, పైడిబాబు గారి వెనక బోర్డులో న్యూట్రల్‌ని బాడీకి కలిపి ఉంది. తీసేసి, మెయిన్ నుంచి ఎర్తు తీగ వేరేగా లాగుతానంటే వద్దంటున్నారు. మీరొక మాట చెబుతారా?"

ఎడంచేత్తో ఫోను పట్టుకొని ఆయన అన్న మాట ఇది. "ఆ ముక్క నీకన్నా ముందు నుంచీ ఉన్నాదమ్మా. దాని మీద సెయ్యెయ్యకు."

ఆమె ఇప్పుడు ఆయన పక్కనే ఉంది. పొద్దున్నుంచీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడూ ఎత్తలేదు. మీటరు తీగలు చుట్టుకుంటోంది.

పైడిబాబు ఆయన్ను భుజం పట్టి పక్కకు తీసుకెళ్లాడు. ఈలోగా సందు మొదటి షెడ్డు చిన్నబాబు, ఇంకో ఇద్దరు ఓనర్లు గేటు దగ్గర చేరారు. ఆ పిల్ల సంగతి తేలిపోతుందని కబురు వెళ్లింది మరి.

"మావా, నాకూ కొంత అర్దమైంది" అన్నాడు పైడిబాబు గొంతు తగ్గించి. "తెగిన అతుకు ఏసీద్దాం. షాక్ పోద్ది. ముక్క ఊసు మనకెందుకు? అది నన్ను హుద్‌హుద్‌లో కాసింది. నువ్వు తప్పన్నావంటే పద్నాలుగు షెడ్లోల్లూ నీ మీద పడతారు. ఆ పిల్లదంటే ఒక్కదాన్తో పోద్ది. సిన్నపిల్ల, ఇంకెక్కడో పని సేసుకుంటాది."

అప్పలనరసింహం భుజం మీది చేయి తీశాడు. గేటు వైపు తిరిగాడు.

"అందరూ ఇనండి. ఈ పిల్ల లాగిన లైనులో తప్పు లేదు. తప్పు నా ముక్కది."

చిన్నబాబు నవ్వాడు, పరాచికం అనుకొని.

"పరాసికం కాదురా. న్యూట్రల్ భూమిని ఒక్కకాడే ముట్టాలి. అది ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఆల్లు ముట్టిత్తారు. ఆ తరవాత మన ఇంట్లో, మన షెడ్డులో, ఎనక బోర్డులో ఎక్కడా ముట్టకూడదు. నేను పద్నాలుగు సోట్ల ముట్టించేను. పిబ్రవరిలో ఈ పిల్ల నాకు పోను సేసి తీసేత్తానంది. నేనే ఒద్దన్నాను. అన్నం తింటా అన్నాను. ఆలోసించలేదు."

ఇందు తల ఎత్తింది.

"అదేటి మావా" అన్నాడు చిన్నబాబు. "నా టీవీ కాసింది ఆ ముక్కేకదా. నా దాంట్లోంచి తియ్యనివ్వను. రేపు మల్లీ తుపానొత్తే?"

"తుపానుకి ఏరే పరికరం ఉన్నాది. ఓల్టేజీ పెరిగితే తనే పడిపోద్ది. నీ టీవీకి అది ఎట్టుకో. ఒంటి మీదికి కరెంటు తెచ్చుకోకు."

"మరి ఇన్నేల్లూ మాకేం అవలేదే?"

"కన్నబాబుకి మొన్నటిదాకా ఏం అవలేదు."

కన్నబాబు తన కట్టు చూసుకున్నాడు. పొగడ్త ఎలా ఉంటుందో ఆ సందులో ఆయనకు తెలుసు. ఇది వేరే. ముగ్గురు ఓనర్లూ ఆయన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసి, ఒకరి వెంట ఒకరు వెళ్లిపోయారు. పైడిబాబు కూడా కొంతసేపు ముఖం తిప్పుకున్నాడు. తరువాత ఇందు వైపు చూడకుండానే అడిగాడు.

"ఇప్పుడేటి సెయ్యాలి?"

"నన్నడుగుతావేటి? ఆయమ్మిని అడుగు" అన్నాడు అప్పలనరసింహం.

ఇందు చెప్పింది. అతుకు కోసి పారేసి కొత్త కేబులు. మెయిన్ బోర్డు నుంచి వెనక బోర్డుకు ఎర్తు తీగ వేరేగా. న్యూట్రల్ పట్టీ కింద పింగాణీ బిళ్లలు, పెట్టె ఇనుముకు ఎక్కడా తగలకుండా. ఎర్తుకు వేరే పట్టీ, పెట్టెకు గట్టిగా బిగించి. గొయ్యి కూడా ఉంటుంది, మెషీన్ల ఒంటికి మాత్రమే. అన్నీ అయ్యాక కరెంటు కారితే తనే ఆగిపోయే స్విచ్చి.

"ఆ స్విచ్చి ముక్క ఉన్నప్పుడు ఎడితే?" అడిగాడు ఆయన. తెలియకే అడిగాడు.

"నిలబడదు బాబాయ్. పోయినంత కరెంటూ తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూస్తుంది అది. మీ ముక్క ఉంటే కొంత భూమిలోకి పోతుంది కదా. లెక్క తప్పి పడిపోతుంటుంది. జనం స్విచ్చే పాడైందనుకొని పీకేస్తారు."

ఆయన ఆ మాట మీద చాలాసేపు తల ఆడించాడు. అలాంటి స్విచ్చిలు సందులో రెండు ఆయన చేత్తోనే పీకేశాడు.

సాయంత్రం ఐదుకు పని అయింది. ఇందు బిగించింది, ఆయన తీగలు అందించాడు. గ్రైండరు వేసి లేతు మీద మీటరు పెట్టారు. అర వోల్టు కూడా లేదు. ఎర్తు తీగ చుట్టూ పడితే సున్నా, న్యూట్రల్ చుట్టూ పడితే ఐదున్నర. పోవాల్సింది పోవాల్సిన దారిలో పోతోంది. కన్నబాబు చెప్పులు వేసుకొని వచ్చి లేతును ఒక వేలితో పొడిచి చూశాడు. రెండో వేలితో పొడిచాడు. "సచ్చీనట్టుంది మావా" అన్నాడు తృప్తిగా.

పైడిబాబు ఇందుతో, "గురువారం ముందు షెడ్డు కూడా సూసీ" అన్నాడు. క్షమించమనలేదు. ఆమె ఆ మాటే చాలనుకున్నట్టు స్కూటీ తీసింది.

ఇంట్లో దేముడమ్మకు కబురు ముందే చేరింది. చిన్నబాబు భార్య ఫోన్ చేసి, మీ ఆయనకి వయసు మీదపడిందా అని అడిగింది. దేముడమ్మ అన్నం వడ్డిస్తూ, "పద్నాలుగు సోట్లేనా? ఇంకెక్కడైనా ఉన్నాయా?" అంది.

ఆయన కళ్లు మూసుకొని సందులోకి వెళ్లాడు. ఒక్కొక్క షెడ్డూ తలుపు తీసి చూశాడు.

"పదమూడు మిగిలేయి. మనింట్లో ఎట్టలేదు."

"ఎందుకెట్టలేదు?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. నిజమే, ఎందుకు పెట్టలేదు? సొంత ఇంటి బోర్డు కడుతున్నప్పుడు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ పెట్టెలో వేసేశాడు. ఏదో అడ్డుపడింది. అదేమిటో అప్పుడు వెతకలేదు.

"తెలీదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకు అప్పలనరసింహం సందు మొదట్లో, చిన్నబాబు షెడ్డు మెట్ల మీద కూర్చున్నాడు. షట్టరు ఇంకా వేసే ఉంది. ఏడుకు చిన్నబాబు బండి మీద వచ్చి ఆయన్ను చూసి, దిగకుండానే అన్నాడు.

"తియ్యనివ్వనన్నాను కదా మావా."

"తియ్యను. నీ న్యూట్రల్ బాగుందో లేదో ముందర సూడాలి. అది సూడకుండా ముక్క తీత్తే ఇంకో తప్పవుద్ది. ఎర్తు తీగలో ఎంత పోతందో నీ కల్లతో సూడు. అప్పుడు నువ్వే సెప్పు."

"సున్నా వత్తే?"

"సున్నా వచ్చినా వచ్చి కూకుంటాను. రేపు కూడా. నువ్వు తియ్యమనీదాకా."

చిన్నబాబు బండి స్టాండు వేశాడు. తాళంచెవి జేబులో వెతుక్కుంటూ, "ఎవలు సూత్తారు? నీకాడ ఆ పటకారు మీటరు లేదుకదా" అన్నాడు.

"వత్తంది" అన్నాడు అప్పలనరసింహం. సందు చివర ఇందు స్కూటీ మలుపు తిరిగింది. ఆయన మెట్ల మీద నుంచి లేచి, షట్టరును వేళ్ల వెనకతో ఒకసారి తాకి, చిన్నబాబుతో కలిసి పైకి ఎత్తాడు.